గాలిలో గీసిన డిమాండ్ రేఖ

ఇంటర్ సీఈసీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లు. మాది మదనపల్లె దగ్గర చిన్న జూనియర్ కాలేజీ. కామర్స్ పోస్టు ఖాళీ అయినప్పుడల్లా మార్కెటింగ్ పాఠాలూ నా మీదే పడేవి. సుద్దముక్కతో ఏ పాఠమైనా చెప్పగలననే ధీమా ఉండేది. 2020లో కాలేజీలు మూతపడి క్లాసు ఫోన్‌లోకి వచ్చాక ఆ ధీమా వారం కూడా నిలవలేదు.

మొదటి పాఠం డిమాండ్ సూత్రం. ఇతర పరిస్థితులు మారకుండా ఉంటే, ధర తగ్గితే డిమాండ్ పెరుగుతుంది. అది చెబుతూ కెమెరా ముందు చేత్తో గాలిలో రేఖ గీశాను, ఎడమ పైనుంచి కుడి కిందికి. నా ఫోన్‌లో సరిగ్గానే కనిపించింది. మర్నాడు నోట్సు ఫొటోలు పంపమంటే, పదకొండు మంది పుస్తకాల్లో డిమాండ్ రేఖ పైకి ఎక్కుతోంది. అది సప్లయి రేఖ! రాత్రంతా మథనపడితే గానీ తెలియలేదు. ముందు కెమెరా మనకు మనల్ని అద్దంలోలా చూపిస్తుంది. పిల్లలకు మాత్రం ఎదురుగా నిలబడ్డ మనిషిలా కనిపిస్తాం. నా ఎడమ వాళ్లకు కుడి. క్లాసులో బోర్డువైపు తిరిగి గీస్తాం కాబట్టి ఈ తిరకాసు ఎన్నడూ రాలేదు.

కాబట్టి గాలిలో ఏదీ గీయకండి. కాగితం మీద గీయండి. రెండు స్టీలు డబ్బాలు నిలబెట్టి, వాటి మీద అడ్డంగా చెక్క స్కేలు పెట్టి, ఫోన్‌ను కిందికి చూసేలా దాని మీద ఉంచితే చాలు. ఈ ఉపాయం నాది కాదు, మొదటి సంవత్సరం అమ్మాయి చెప్పింది. స్కేలు జారకుండా రబ్బరు బ్యాండు వేయమన్నదీ ఆమే. మొహం కనిపించకపోయినా ఫర్వాలేదు. పెన్ను కదలడం కనిపించాలి.

టైము సంగతి. చాలామంది పిల్లల ఇంట్లో ఫోన్ ఒక్కటే, అది నాయనతో పొలానికో మండీకో వెళ్తుంది. పొద్దున పదింటికి క్లాసు పెడితే తొమ్మిది మంది వచ్చారు. రాత్రి ఎనిమిదింటికి మార్చాక ముప్పై దాటారు. నలభై ఐదు నిమిషాల ఉపన్యాసం తీసేశాను. పన్నెండు నిమిషాలు చెప్పి ఒక పని ఇచ్చి, మిగతాది వాయిస్ మెసేజీల్లో నడిపాను. డేటా అయిపోయిన పిల్లవాడు మర్నాడు పొద్దునైనా వినగలడు.

అన్నిటికంటే కష్టం, పిల్లల మొహాలు కనిపించకపోవడం. "అర్థమైందా?" అంటే అందరూ "యస్ సార్" అని టైపు చేస్తారు. అప్పటికే రిటైరైన మా గురువుగారికి ఫోన్ చేసి మొర పెట్టుకున్నాను. ఆయన దగ్గరే జూనియర్‌గా పని నేర్చుకున్నాను. "అర్థమైందా అని నేనెప్పుడైనా అడిగానా నాయనా? అంకె అడుగు. అంకె చెప్పాలంటే వాడు లేచి వెతకాలి," అన్నారు. ఆ మాట నా పాఠం తీరునే మార్చేసింది.

మర్నాడు షాంపూ ప్యాకెట్ తెమ్మన్నాను. ధర ఎంత, ఎన్ని మిల్లీలీటర్లు, సీసా అయితే ఎంత. ఒక అమ్మాయి లెక్క: రెండు రూపాయల ప్యాకెట్‌లో 6 మిల్లీలీటర్లు, అంటే మిల్లీలీటరు 33 పైసలు. నూట నలభై రూపాయల సీసాలో 180, అంటే 78 పైసలు దగ్గర. "పెద్దది కొంటే చవక కదా సార్, ఇదేంది తిరగబడింది?" అంది. అక్కడి నుంచి మార్కెటింగ్ మిశ్రమం నా నోటితో చెప్పాల్సిన పని లేకపోయింది. వస్తువు, ధర, పంపిణీ, ప్రచారం అనే నాలుగింటినీ 1960లో మెకార్తీ ఒకచోట పేర్చాడని చివర్లో ఒక్క మాట అన్నానంతే. తమిళనాడు కడలూరులో చిన్నికృష్ణన్ అనే ఆయన, సీసా కొనలేని వాళ్ల కోసం షాంపూను చిన్న ప్యాకెట్‌లో పెట్టిన కథ చెబితే రాత్రి తొమ్మిదిన్నరైనా ఎవరూ క్లాసు వదల్లేదు.

కాలేజీ తెరిచాక కూడా రాత్రి క్లాసు ఆపలేదు. బస్సు టైముకు పరుగెత్తే పల్లె పిల్లలకు అదే మిగిలింది. 2023 జులైలో టమోటా కిలో వంద దాటినప్పుడు ప్రతి ఇంటినుంచీ మూడు అంకెలు అడిగాను: కిలో 40 ఉన్నప్పుడు, 80 అయినప్పుడు, 120కి చేరాక వారానికి ఎంత కొన్నారు? ఇరవై ఆరు ఇళ్ల లెక్క కలిపితే 44 కిలోలు, 25 కిలోలు, 13 కిలోలు. కాగితం మీద డిమాండ్ పట్టిక రాశాం. పక్కన ఇంకో గడి గీసి మొత్తం ఖర్చు కట్టమన్నాను. 1,760. తర్వాత 2,000. ఆ తర్వాత 1,560.

కాసేపు ఎవరూ పలకలేదు. ఆ మౌనాన్ని మాటలతో నింపకండి, మీ నోటికి ఎంత దురదగా ఉన్నా సరే. చివరికి ఒకడు మైకు తెరిచాడు. "సార్, ముందు ఖర్చు పెరిగింది, తర్వాత తగ్గింది. మా అమ్మ ఎనభై దాకా తిట్టుకుంటానే కొన్నింది. నూటిరవై అయినాక చారులోకి చింతపండే." డిమాండ్ వ్యాకోచత్వాన్ని మొత్తం ఖర్చుతో కొలిచే మార్షల్ పద్ధతి, ప్రత్యామ్నాయ వస్తువు, రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. ధర పెరిగినప్పుడు ఖర్చు పెరిగితే వ్యాకోచత్వం ఒకటి కన్నా తక్కువ, ఖర్చు తగ్గితే ఒకటి కన్నా ఎక్కువ. ఇన్నేళ్లుగా బట్టీ పట్టించిన వాక్యం అది. ఆ రాత్రి వాళ్లే కట్టి చూపించారు. నిజం చెబుతున్నా, నాకు కళ్లు చెమర్చాయి.

ఆ క్లాసులోనే టమోటా పండించే ఇంటి పిల్లవాడు ఒకడున్నాడు. మార్కెట్ యార్డుకు నాయన వెంట వెళ్లి, వేలంపాట జరుగుతుండగా వాయిస్ మెసేజ్ పంపాడు. పాటగాడి కేక, క్రేట్లు దించే చప్పుడు, మధ్యలో వీడి గొంతు. అది అందరికీ వినిపించాను. సమతౌల్య ధర ఎలా కుదురుతుందో చెప్పడానికి అంతకన్నా మంచి పాఠం నా దగ్గర లేదు. విన్నాక ఆ పిల్లవాడే అడిగాడు: "సార్, ఎంతకిస్తావని మా నాయన్ని ఎవురూ అడగలే. ఆ రేఖలో మా నాయన యాడున్నట్టు?"

జవాబు పుస్తకంలో ఉంది. సంపూర్ణ పోటీలో ఒక్కో అమ్మకందారు ధర స్వీకర్త. ఆ మాట వాడికి అప్పుడే చెప్పలేదు. మర్నాటి క్లాసుకు స్కేలు సరిచేసి, తెల్లకాగితం పెట్టి, పైన వాడి ప్రశ్న రాసి మొదలుపెట్టాను.