తెలుగులో వచ్చిన ఏడుపు

గుర్రంకొండలో బస్సెక్కితే కోట ఉన్న కొండ చాలాసేపు కనుమరుగు కాదు. వాల్మీకిపురం దాటాక (పెద్దవాళ్ళకు అది ఇప్పటికీ వాయల్పాడే) రోడ్డు పక్కన టమోటా క్రేట్లు మొదలవుతాయి. మదనపల్లె అనగానే ఈ రోజు ఎవరికైనా గుర్తొచ్చేది టమోటా మార్కెట్టే. నూరేళ్ళ కిందట మాత్రం ఈ ఊరికి పేరు తెచ్చింది పొడిగా, చల్లగా ఉండే గాలి. ఆ గాలి కోసం ఎక్కడెక్కడి నుంచో క్షయ రోగులు ఇక్కడికి చేరేవాళ్ళు. నేను వచ్చింది వాళ్ళ కోసం తెరిచిన ఆసుపత్రిని చూడటానికి, ఈ ఊళ్ళో పుట్టిన ఒక అన్న ఇంటిని చూడటానికి. ఆ అన్న తమ్ముడూ క్షయతోనే పోయాడు. కాకపోతే ఇక్కడ కాదు, సముద్రాలకు ఆవల.

జిడ్డు కృష్ణమూర్తి 1895 మేలో మదనపల్లెలో పుట్టారు. ఆయన పుట్టిన ఇంటిని కృష్ణమూర్తి ఫౌండేషన్ కాపాడుతోంది. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ ఉద్యోగి. తల్లి సంజీవమ్మ 1905లో పోయింది. అప్పటికి పిల్లవాడికి పదేళ్ళు. చనిపోయిన తర్వాత కూడా అమ్మ ఇంట్లో తిరుగుతూ కనిపించేదని ఆయన కుర్రతనంలో రాసుకున్నారు. పెద్దయ్యాక ఆయన ఏం బోధించారో చాలామందికి తెలుసు. తల్లి లేని ఆ పిల్లవాడి గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ.

1909లో కుటుంబం అడయారు చేరింది. అక్కడి దివ్యజ్ఞాన సమాజం పెద్దలు కృష్ణమూర్తిని రాబోయే జగద్గురువుగా గుర్తించారు. 1911లో ఆయన చుట్టూ ఒక సంఘాన్ని కట్టారు. ఆయన్నీ తమ్ముడు నిత్యానందనూ ఇంగ్లండు తీసుకెళ్ళారు. పిల్లల కోసం తండ్రి కోర్టుకెక్కారు, చివరికి ఓడిపోయారు. అమ్మ లేదు, నాన్న దూరమయ్యాడు, ఊరు పోయింది, మాట్లాడే భాష మారిపోయింది. ఆ బతుకులో సొంతమని మిగిలింది తమ్ముడొక్కడే.

1921లో నిత్యకు క్షయ అని తేలింది. గాలి మంచిదని 1922లో అన్నదమ్ములు కాలిఫోర్నియాలోని ఓహాయ్ లోయకు వెళ్ళారు. జగద్గురువు పనికి నిత్య అవసరం కాబట్టి, సమాజం నమ్మే అదృశ్య గురువులైన మహాత్ములు అతణ్ణి కాపాడతారని చుట్టూ ఉన్నవాళ్ళు నమ్మారు, కృష్ణమూర్తీ నమ్మారు. 1925 నవంబరు 13న నిత్య పోయాడు. వయసు ఇరవై ఏడు. అన్న అప్పుడు ఇండియా వచ్చే ఓడలో, సూయజ్ కాలువ ప్రాంతంలో ఉన్నారు. సమాజం నాయకురాలు అనీబిసెంట్ కూడా అదే ఓడలో ఉన్నారు. తంతి అక్కడే అందింది.

ఆ ఓడలో ఆయనతో ఒకే గదిలో ఉన్న బి. శివరావు తర్వాత చెప్పిన సంగతి ఒకటుంది. దాని కోసమే నేనీ కథనం మొదలుపెట్టాను. రాత్రుళ్ళు కృష్ణమూర్తి ఏడుస్తూ, మూలుగుతూ తమ్ముణ్ణి పిలిచేవారట. ఒక్కోసారి తెలుగులో పిలిచేవారట. మెలకువలో ఉన్నప్పుడు ఆయనకు తెలుగు మాట్లాడటం రాదు, అప్పటికే మరిచిపోయారు. ఇంగ్లండు సూట్లు, జగద్గురువు బిరుదు, వేలాది మంది భక్తులు, వీటన్నిటి అడుగున మదనపల్లె, కడప ఇళ్ళల్లో పెరిగిన పిల్లవాడు ఇంకా ఉన్నాడన్నమాట. దుఃఖం నేరుగా వాడి దగ్గరికే వెళ్ళింది.

ఓడ కొలంబో చేరే వేళకు ఆయన తేరుకున్నారు. పాత మనిషి మాత్రం తిరిగి రాలేదు. నిత్య వేరే లోకంలో క్షేమంగా ఉన్నాడు, అంతా మహాత్ముల సంకల్పం అని చెప్పేవాళ్ళు చుట్టూ ఉన్నారు. అంతకు ఏడాది ముందైతే ఆయనా ఆ మాట అని ఉండేవారేమో. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో దాదాపు మూడు వేల మంది ముందు, తన చుట్టూ కట్టిన ఆ సంఘాన్ని ఆయనే రద్దు చేశారు, ఇచ్చిన ఆస్తులను ఇచ్చినవాళ్ళకు తిప్పి పంపారు. తమ్ముడి చావే దీనికి కారణమని గీత గీసి చెప్పడం తేలిక. నేను చెప్పను. మధ్యలో నాలుగేళ్ళున్నాయి. ఆ నాలుగేళ్ళూ ఆయన్ను ఆయనే ఇటుక ఇటుకగా విప్పుకుని కట్టుకున్నారు. దుఃఖంలో ఉన్న మనిషికి అంత వ్యవధి ఇవ్వడం మనకు ఎందుకో చేతకాదు. పెద్దకర్మ అవగానే “ఇంక లేచి నీ పని నువ్వు చూసుకో” అంటాం.

“శానిటోరియం కాడికా సార్?” అన్నాడు ఆటో అబ్బాయి, నేను ఆరోగ్యవరం అనగానే. కొన్ని మిషన్లు కలిసి 1915లో తెరిచిన క్షయ ఆసుపత్రి అది. తొలి పెద్ద డాక్టరు డెన్మార్క్ దేశస్థుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. ఇప్పుడు అన్ని రోగాలకూ వైద్యం చేసే ఆసుపత్రి. అప్పట్లో క్షయకు మందు లేదు. గాలి, తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. రోగి నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి మంచం మీద ఉండాలి. ఉద్యోగం పోయేది, పెళ్ళి సంబంధం తప్పిపోయేది, ఇంట్లో కంచం, గ్లాసు వేరు చేసేవాళ్ళు. ఊపిరితిత్తులు మానినా మనిషి ఎవరుగా తిరిగి వెళ్ళాలన్నది పెద్ద ప్రశ్నగా మిగిలేది. అలాంటివాళ్ళకు శానిటోరియం ఇవ్వగలిగిన గొప్ప సంగతి ఒకటుంది. అక్కడ అందరికీ అదే జబ్బు. దగ్గొస్తే మొహం తిప్పుకోవాల్సిన పని లేదు.

మన దేశంలో బి.సి.జి. టీకా పని 1948లో మొదలైంది ఇక్కడే. క్రిస్టియన్ కొడుకు యొహానెస్ 1950 నుంచి చుట్టుపక్కల పల్లెల్లో ఊరూరా ఎక్స్‌రేలు తీయించి క్షయ లెక్క కట్టారు. 1956లో మద్రాసులో మరో పరిశోధన మొదలైంది. కొంతమంది రోగుల్ని శానిటోరియంలో ఉంచి, కొంతమందిని వాళ్ళ ఇరుకు ఇళ్ళల్లోనే ఉంచి ఒకే మందులు ఇచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్ళకు తిండీ తక్కువే, విశ్రాంతీ తక్కువే. అయినా దాదాపు సమానంగా కోలుకున్నారు. 1959లో ఆ ఫలితాలు వచ్చాక రోగిని ఇంటి నుంచి వెలి వేయాల్సిన అవసరం వైద్యానికి తీరిపోయింది. ఇరుగుపొరుగుకు మాత్రం ఇంకా తీరలేదు.

తెట్టు వైపు రిషి వ్యాలీ బడికి వెళ్ళే దారిలో ఈ రెండు కథలూ కలిపి ఆలోచించాను. 1920ల్లో కృష్ణమూర్తికి నచ్చిన లోయ అది. తర్వాతి కాలంలో ఆయన ప్రపంచం తిరుగుతూ ఇక్కడికీ వచ్చేవారు. చివరిసారి వచ్చింది 1985 చివర్లో. మరుసటి ఫిబ్రవరిలో, తమ్ముడు పోయిన ఓహాయ్‌లోనే పోయారు.

ఇవాళ మామూలు క్షయకు ఆరు నెలల మందులు చాలు. పోషణ కోసం ప్రభుత్వం నెలకు 500 రూపాయలిచ్చేది, 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేసింది. మందులయ్యాక కూడా రెండేళ్ళ పాటు ఆరు నెలలకోసారి రోగం తిరగబెట్టిందేమో చూడాలని నియమం ఉంది. చూడటానికి వెళ్ళే మనిషి ఎలాగూ రోగి గడప తొక్కుతుంది. కళ్ళె పరీక్షతో పాటు మరో మూడు మాటలు కూడా అడిగి రాసుకునేలా ఆమె నింపే కాగితంలో మూడు గళ్ళు పెట్టాలి: మళ్ళీ పనికి పోతున్నావా, ఇంట్లో అందరితో కలిసి తింటున్నావా, రాత్రి నిద్ర పడుతోందా.