మిద్దె మీద చవుడు పోసేదెవరు?

కదిరి దాటి ఆటోలో కొంతదూరం వెళ్తే ఆ పల్లె. సగం ఇళ్లకు తాళాలు, మిగతా సగంలో ముసలివాళ్లు. పడుచువాళ్లంతా బెంగళూరులో కట్టడం పనుల్లో ఉన్నారు, కొందరు కేరళ దాకా వెళ్లారు. ఏడాదికి 552 మిల్లీమీటర్లకు మించి వాన ఆశించలేని ఉమ్మడి అనంతపురంలో శెనక్కాయను నమ్ముకుని ఎందరు నిలబడగలరు?

నేను చూడాలనుకున్నది మిద్దెలను. రాతి గోడలు, కొయ్య దూలాలు, వాటి మీద దంతెలు, ఆ పైన మట్టి, అన్నిటికీ మీద చవుడు. నీళ్లు కిందికి దిగకుండా ఆపేది ఆ చవుడే. ఏటా తొలకరికి ముందు కొత్తగా పోసి అణగ్గొట్టాలి. నిచ్చెనెక్కి గంపలు మోసే మనిషి ఇంట్లో లేకుంటే వాన దూలంలోకి దిగుతుంది, కొన్నేళ్లకు దూలం పుచ్చుతుంది. ఆ పల్లెలో కూలిన మిద్దెలన్నీ ముసలివాళ్లవే.

అలా మిద్దె పోయిన ఒక అవ్వ కదిరిలో నరసింహస్వామి దేవళం దగ్గర ఒంటిగదిలో ఉంటోంది. మల్లెలు కడుతుంది. ఎన్టీఆర్ భరోసా పింఛను 2024 జులై నుంచి నెలకు రూ.4,000 అయింది. అందులో పదిహేను వందలు బాడుగకే పోతాయి. (80 ఏళ్లలోపు వాళ్ల పింఛనులో కేంద్రం వాటా ఎంతో తెలుసా? రూ.200.)

"గవర్మెంటు ఇల్లు రాలేదా అవ్వా?"

"స్థలమిచ్చిరి నాయనా. పునాదేసుకుంటే బిల్లు పడుతుందనిరి. పునాదికి దుడ్లు యాడివి?"

చిక్కంతా ఇక్కడే ఉంది. 2020 డిసెంబరులో మొదలైన 'పేదలందరికీ ఇళ్లు' పథకంలో ఇంటికి 1.80 లక్షలు ఇచ్చేవారు. ఆ డబ్బు దశలవారీగా, పని జరిగాకే వచ్చేది. ముందు అప్పు తెచ్చి, మేస్త్రీ వెంట తిరిగి, సిమెంటు మోయించుకోగల వాళ్లకు ఆ పద్ధతి సరిపోతుంది. డెబ్బై దాటిన ఒంటరి మనిషికి స్థలం పట్టా వట్టి కాగితం.

చట్టం లేదా అంటే ఉంది. 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో స్థాయి అధికారి ట్రిబ్యునల్ నడిపి, పిల్లలచేత భరణం ఇప్పించవచ్చు. కానీ బెంగళూరులో ఇటుకలు మోసే కొడుకు దగ్గర ఏం వసూలు చేస్తారు? 150 మందికి చోటున్న వృద్ధాశ్రమం జిల్లాకు ఒకటైనా ఉండాలనీ అదే చట్టం చెబుతోంది. అయితే కట్టితీరాలన్న నిర్బంధం ప్రభుత్వం మీద లేదు. అయినా అవ్వకు ఆశ్రమం అక్కర్లేదు. తన పొయ్యి, తన తలుపు కావాలి.

దానికో దారి ఉంది. సింగపూరులో 55 దాటినవాళ్లకు చిన్న ఫ్లాట్లను 15 నుంచి 45 ఏళ్ల లీజుకిస్తారు. మనిషి వయసును బట్టి గడువు, గడువును బట్టి ధర. మనకు అంత డబ్బు లేకపోవచ్చు, పద్ధతి మాత్రం పనికొస్తుంది. కట్టి పూర్తిచేసిన చిన్న ఇల్లు, నామమాత్రపు బాడుగ, బతికున్నంత కాలం హక్కు. తర్వాత అది వారసులకు కాకుండా మరో ముసలివారికి చేరాలి. అమ్మకానికి వీల్లేదు కాబట్టి దళారులకు పనుండదు. గృహనిర్మాణ పద్దులో దీనికి విడిగా నిధి పెట్టమని కదిరి ఎమ్మెల్యే ఈసారి బడ్జెట్ సమావేశాల్లో అడగాలి. హిందూపురం ఎంపీ ఢిల్లీలో పింఛనులో కేంద్రమిచ్చే ఆ రెండు వందల సంగతీ లేవనెత్తాలి.

ఇదంతా అవ్వకు చెప్తే చేతిలో దారం ఆపకుండా విని, ఒకే షరతు పెట్టింది.

"ఊరి బయట గుట్టల్లో కడితే నేను పోను. ఆస్పత్రికి నడిచి పోయేటట్టు ఉండల్ల. మెట్లు ఉండగూడదు."