విజయనగరం దాకా వస్తే చాలు!

సీతంపేట కొండలు దిగి, పాలకొండ, రాజాం, చీపురుపల్లి దాటుకుంటూ వచ్చిన పాత పెట్రోలు జీపు నెల్లిమర్ల చేరేసరికి గుప్పున వాసన. వెనక సీట్లో పెద్దాయన అప్పుడే బీడీ తీసి నోట్లో పెట్టుకున్నాడు. డ్రైవరు గుండె గుభేల్‌మంది.

‘బావూ, అగ్గిపుల్ల గియ్యకు! దిగండి, అందరూ దిగిపోండి!’

బండి కిందకి వంగి చూస్తే ట్యాంకు అడుగు నుంచి చుక్కా చుక్కా కారుతోంది. విజయనగరం ఇంకా పది కిలోమీటర్లుంది. అక్కడికి వెళ్తే మెకానిక్కులకు కొదవలేదు. కానీ అక్కడిదాకా వెళ్లేదెలా? డ్రైవరు పరిగెత్తింది మెకానిక్కు దగ్గరికి కాదు, కిరాణా కొట్టుకి!

‘అప్పా, బట్టల సబ్బొకటియ్యి!’

ఏజెన్సీ దారుల్లో పాత జీపులు నడిపినవాళ్లకి ఇదేం కొత్త కథ కాదు. విల్లీస్ తరహా జీపుల్లో ట్యాంకు సరిగ్గా డ్రైవరు సీటు కిందే ఉంటుంది. కొండదారిలో ఎగిరిపడే రాళ్లు, పట్టీల ఒరిపిడి ఓ పక్క. పెట్రోల్లో చేరి అడుగున నిలిచిపోయే నీటిబొట్లు ఇంకో పక్క. బయట నుంచి దెబ్బ, లోపల నుంచి తుప్పు. చివరికి ఓరోజు రేకు సూదిబెజ్జమంత తెరుచుకుంటుంది.

మరి బట్టలుతికే సబ్బు పెట్రోలుని ఎలా ఆపుతుంది? కొవ్వునీ సోడానీ కలిపి చేసేది సబ్బు. నీళ్లలో ఇట్టే కరుగుతుంది గానీ పెట్రోల్లో కరగదు. అందుకే తడి సబ్బుని కాదు, పొడిసబ్బుని బెజ్జంలోకి దిగేలా గట్టిగా రుద్దుతారు. బొట్టు ఆగిపోతుంది. చిల్లు కాస్త పెద్దదైతే సబ్బులో నాలుగు నారపోగులు కలిపి నొక్కుతారు. పైపు మరలకు సఫేదా పూసి ప్లంబర్లు నార చుట్టేదీ ఈ కిటుకుతోనే.

నారకి నెల్లిమర్లలో వెతుక్కోవాలా? చంపావతి ఒడ్డున ఈ ఊరు పెరిగిందే జూట్ మిల్లు చుట్టూ. విజయనగరం, శ్రీకాకుళం రైతులు పండించే గోగునారకి ఒకప్పుడు దేశదేశాల్లో ‘బిమ్లీ జూట్’ అని పేరు. భీమునిపట్నం రేవు నుంచి ఓడలెక్కేది కాబట్టి ఆ పేరొచ్చింది. ఓడలెక్కిన ఆ నారే ఇక్కడ జీపు ట్యాంకుకి బిరడా అవుతుంది!

అయితే అనుభవమున్న డ్రైవరు ముందు సబ్బు తీయడు, గుడ్డ తీస్తాడు. ట్యాంకంతా తుడిచి, అసలు చెమ్మ ఎక్కడ పుడుతోందో చూస్తాడు. ఎందుకంటే పెట్రోలు ఒకచోట పుట్టి, రేకు వెంట జారి, ఇంకోచోట బొట్టు కడుతుంది. చాలాసార్లు చిల్లు ట్యాంకుకే ఉండదు. గొట్టం పగిలి ఉంటుంది, లేదా అడుగునుండే మర వదులై ఉంటుంది. ఆ మర బిగిస్తే పని అయిపోయినట్టే.

ఇక ఎం-సీల్. రెండు ముద్దలూ ఒకే రంగు వచ్చేదాకా కలిపి అతికిస్తారు. సబ్బు కన్నా గట్టిదే, కాకపోతే కారుతున్న తడి మీద పట్టదు. ముందు సబ్బుతో ధార ఆపాలి, చుట్టూ రంగూ తుప్పూ గీకేయాలి, ఆరనివ్వాలి, ఆ తర్వాతే దాన్ని నొక్కాలి. పూర్తిగా గట్టిపడాలంటే ఓ రాత్రి ఆగాల్సిందే.

బోల్తా కొట్టించే చిట్కాలూ ఉన్నాయి. సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగిస్తే బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఆ రబ్బరు పెట్రోలు తాగి ఉబ్బి, మెత్తబడిపోతుంది. పంక్చర్ల సొల్యూషన్ అయితే పెట్రోల్లో కరిగే పోతుంది. చిల్లులో స్క్రూ బిగించడం గట్టి రేకుకి పనికొస్తుందేమో గానీ, తుప్పుపట్టిన రేకుకి పెడితే సూదిబెజ్జం కాస్తా రూపాయి బిళ్లంత అవుతుంది!

ఏ వైద్యం చేసినా పథ్యం ఒకటే... నిప్పుకి దూరం. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. పైకి పోదు, నేల మీదే పాకుతుంది. పక్కనున్న టీకొట్టు పొయ్యి దాకా పోవచ్చు. అందుకే ఇంజను ఆపాలి, జనాన్ని దించాలి, కారేదాన్ని మూతున్న ఇనుప డబ్బాలోకి పట్టాలి. కారడం ఆగకపోయినా, వాసన తగ్గకపోయినా బండి కదపకూడదు. ఖాళీ ట్యాంకే కదా అని వెల్డింగుకి ఇచ్చేయడం మరీ ప్రమాదం. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకులోనే ఆవిరి ఎక్కువ, అది బాంబులా పేలుతుంది. బండి నుంచి ఊడదీసి, లోపలి ఆవిరంతా పోయేలా శుభ్రం చేశాకే తెలిసినవాడు మాటు వేయాలి.

నెల్లిమర్లలో సబ్బు రాసుకున్న జీపు సాధారణంగా విజయనగరం చేరుతుంది. చిక్కంతా మర్నాడు పొద్దున్నే. ట్యాంకు కింద చూస్తే పొడిగా ఉంటుంది. ‘ఆగిపోనాదిలే, ఇంకో ట్రిప్పు ఏసొద్దాం’ అనిపిస్తుంది. మెకానిక్కు దగ్గరికెళ్తే ఒకరోజు కిరాయి పోతుంది మరి! అలా ఒక్కరోజుది వారమవుతుంది, వారం నెలవుతుంది. ‘తాత్కాలికం’ అన్నమాట ఎంత సాగుతుందో నెల్లిమర్లకి వేరే చెప్పాలా? మిల్లు గేటుకి లాకౌట్ నోటీసు పడ్డ ప్రతిసారీ, కొద్దిరోజులే కదా అనుకుని అప్పులతో నెట్టుకొచ్చిన కార్మిక కుటుంబాలున్న ఊరిది.

సబ్బుకి తన హద్దు తెలుసు. చంపావతి మీదుగా ఓ గట్టి వాన కురిసిందంటే, కరిగి పారిపోతుంది. అప్పుడు జీపు మళ్లీ ఏ కొండదారిలో ఉంటుందో, వెనక సీట్లో ఎవరు బీడీ తీస్తారో!