నూటికి రెండు

కంపెనీలకు కూడా పుణ్యమ్మీద ఆశ వుంటుందంటే మా వారు ఇట్టే నమ్మేస్తారు. మొన్న ఓ తినుబండారాల కంపెనీ ఏదో బడికి మంచినీళ్ళ ట్యాంకు కట్టించిందని చదివి, "ఎంత దయో చూశావా!" అన్నారు.

"దయేమిటండీ, చట్టం!" అన్నాను.

నిజమే మరి. 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం, ఏడాదికి 5 కోట్లో ఆపైనో లాభం వచ్చే కంపెనీ, గత మూడేళ్ళ సగటు లాభంలో నూటికి రెండు రూపాయలు సంఘం మంచికి ఖర్చు పెట్టాలి. సామాజిక బాధ్యత అని దానికి పేరు. మంచిదే, పిల్లలు నీళ్ళు తాగుతారు. కానీ ఆ నూరూ ఎలా వచ్చాయన్న మాట ఎవరూ ఎత్తరేం?

పాలడబ్బా సంగతే చూడండి. నా చిన్నతనంలో డబ్బామీద బొద్దుగా ఓ పాపాయి నవ్వుతూ వుండేది. ఆ బుగ్గలు చూసి మా పక్కింటి పిన్నిగారు, తన పాలు పిల్లాడికి చాలడం లేదేమోనని బెంగపెట్టుకునేది. చాలక కాదు, ఆ బొమ్మ అలా అనిపించేది! పేదదేశాల్లోనైతే నర్సు దుస్తులేసుకున్న అమ్మకందార్లే ఆసుపత్రులకు వచ్చి డబ్బాలిచ్చేవారట. నాలుగు రోజులు పోతపాలు పడితే తల్లిపాలు తగ్గిపోతాయి. ఇక కొనక తప్పదు. ఖరీదు భరించలేక పలచగా కలపడం, శుభ్రంలేని నీళ్ళు, సీసా మరగబెట్టడానికి కట్టెలుండవు. విరేచనాలు పట్టుకుని ఎందరు పసివాళ్ళు పోయారో!

1974లో లండన్‌లో అచ్చయిన ఓ చిన్న పుస్తకం ఈ గుట్టు విప్పింది. 1977లో అమెరికా జనం నెస్లే సరుకు కొనం పొమ్మన్నారు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమావళికి 118 దేశాలు సరేనంటే, కాదన్నది అమెరికా ప్రభుత్వం ఒక్కటే. 1992లో మన పార్లమెంటు చట్టం చేసింది: డబ్బామీద పాపాయి బొమ్మ కూడదు, ప్రకటనలు కూడదు, తల్లిపాలే శ్రేష్ఠమని అచ్చువేయాలి. ఆ బొద్దుపాపాయిని దింపడానికి ఇంత పని పట్టిందన్నమాట!

అయినా కథ కంచికి వెళ్ళలేదు. 2024లో పబ్లిక్ ఐ అనే స్విస్ సంస్థ, మన దేశంలో అమ్మే సెరెలాక్‌లో ఒక్కో పూటకు దాదాపు 3 గ్రాముల చక్కెర కలుపుతున్నారనీ, జర్మనీ, బ్రిటన్లలో ఆ కంపెనీయే అమ్మే గోధుమ రకంలో కలపడం లేదనీ బయటపెట్టింది. అయిదేళ్ళలో 30 శాతం దాకా తగ్గించామంది కంపెనీ. తర్వాత చక్కెర లేని రకాలూ తెస్తామంది. సంతోషం. జర్మనీ పాపాయికి అక్కర్లేని తీపి మన పాపాయికెందుకో నాకు మాత్రం బోధపడలేదు.

మా తమ్ముడి కొడుక్కి అన్నప్రాశన అయింది. కొట్లో ఓ డబ్బా వెనక్కి తిప్పి చదవబోతే, చక్కెర చుట్టూ చేరిన చీమల్లా వున్నాయి అక్షరాలు.

"డేటు చూస్తున్నారాండీ? కొత్త సరుకేనమ్మా" అన్నాడు కొట్టతను.

"చక్కెర ఎంతుందో చూస్తున్నా నాయనా."

అతను నా వంక ఓసారి చూసి, తన కళ్ళజోడు తీసి ఇచ్చాడు.