ఊలు పట్టీ

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించిందన్న వార్తను చదివి వినిపించగా అమ్మీ చిరునవ్వుతో ఊరుకున్నది. పందొమ్మిదవ శతాబ్దంలో మిషనరీలు ఆ సీమలో నేర్పిన అల్లిక అది. దారపుండల లెక్కన కూలికి ఆమె అల్లినదంతా ఓడలెక్కి పరదేశపు బల్లలపై పరచుకున్నది. మా ఇంట ఒక్క రుమాలైనా నిలువలేదు. ఇప్పుడు సన్నదారం ఆమె చూపుకు ఆనదు.

అందుచేత ముతక ఊలు, లావుపాటి కొక్కెపు సూది తెచ్చాను. చలికాలపు వేకువను సైకిలుపై ఫజర్ నమాజుకు వెళ్లే అబ్బాకు చెవులు కప్పే పట్టీ కావాలి. నేర్చుకొనేవారికి లేసుకన్న ఊలే మేలు. ముడి వేలికి తెలుస్తుంది. అమ్మీ కనులు మూసుకొనే నేర్పింది. మొదట 13 గొలుసు ముళ్లు; అదే వెడల్పు. సజ్దాలో నుదుటికి అడ్డు రాకుండ పైకి జరుపుకొనేందుకు నాలుగు వేళ్ల వెడల్పు చాలునన్నది. పిదప ప్రతి వరుసలోనూ ముడి వెనుకపోగునే పట్టి అల్లుతూ పోతే చాళ్లు తీరి సాగే గుణం వస్తుంది. తల 22 అంగుళాలైతే పట్టీ 20 అంగుళాలే ఉండాలి.

"దీనికి కూలి ఎవరిస్తారు బేటీ?" అని నవ్వింది.

కొసలు రెండూ కలిపి కుట్టాక, అలవాటు చొప్పున కాగితంలో చుట్టబోయింది. అబ్బా చేయి చాచి అందుకున్నారు.