480 గుర్తుల నల్గొండ

ఏ పార్టీ జెండా లేకుండా, ఒకే ఒక్క డిమాండుతో వందల మంది ఎన్నికల బరిలో నిలిచిన గడ్డ అది. వాళ్లలో ఒక్కరూ గెలవలేదు. ఓడిపోయారని చెప్పడమూ అంత తేలిక కాదు. గుళ్లు, గుట్టలు, చెరువులతోపాటు ఆ కథనూ తెలుసుకోవాలంటే ఒకసారి నల్గొండ వెళ్లాల్సిందే!

హైదరాబాద్ నుంచి విజయవాడ రహదారి మీద బయలుదేరితే చౌటుప్పల్ దాటాక నార్కట్‌పల్లి వస్తుంది. అక్కడ కుడివైపు మళ్లితే కాసేపట్లో నల్గొండ. మొత్తమ్మీద వంద కిలోమీటర్ల ప్రయాణం. దారి పొడవునా తాటిచెట్లు, పత్తిచేలు, బత్తాయి తోటలు, వాటి మధ్య ఎవరో పేర్చి పెట్టినట్టుండే బండరాళ్లు. ఊళ్లోకి అడుగుపెట్టగానే రెండు గుట్టలు కనిపిస్తాయి. ఒకటి కాపురాల గుట్ట, రెండోది లతీఫ్ సాహెబ్ గుట్ట. ఒకప్పటి నీలగిరే తర్వాత నల్లకొండ అయింది, అదే వాడుకలో నల్గొండ అయింది.

ఆ నల్లరాయి చూడటానికి అందంగానే ఉంటుంది. చిక్కంతా దాని కింద ఉన్న నీళ్లతోనే!

తాగే నీరే శత్రువు

ఈ ప్రాంతపు గ్రానైట్ రాళ్లలో ఫ్లోరిన్ ఉండే ఖనిజాలు ఎక్కువ. ఏళ్ల తరబడి రాతిని ఒరుసుకుంటూ నిలిచిన భూగర్భజలంలోకి అవి కరుగుతాయి. వానలు తగ్గి, చెరువులు ఎండి, జనం బోర్ల మీద ఆధారపడేకొద్దీ ఆ నీరే గొంతులోకి దిగింది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే తాగడానికి పనికిరాదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఎన్నో ఊళ్ల బావుల్లో అది ఆ హద్దును ఎప్పుడో దాటేసింది.

మొదట పిల్లల పళ్లమీద పసుపు, గోధుమ రంగు చారలు వస్తాయి. తర్వాత కీళ్లు బిగుసుకుంటాయి. నడుము వంగదు, వంగితే లేవదు. కొందరికి ఎముకలే వంకర పోతాయి. ముప్ఫై ఏళ్లకే కర్ర పట్టుకునేవాళ్లు, మంచం దిగలేనివాళ్లు... ఇలాంటి ఇల్లు లేని వీధి ఉండేది కాదు కొన్ని ఊళ్లలో. దీనికి మందు లేదు. మంచినీళ్లు ఇవ్వడమొక్కటే మార్గం.

విచిత్రం ఏమిటంటే, నల్గొండ పేరు శాస్త్ర ప్రపంచానికి బాగా తెలుసు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని ‘నీరి’ సంస్థ 1970ల్లో రూపొందించింది. దానిపేరే ‘నల్గొండ టెక్నిక్’. ఆఫ్రికాలోని టాంజానియా, కెన్యాల్లోనూ దీన్ని వాడి చూశారు. పద్ధతికి పేరొచ్చింది, ఆ పేరున్న ఊళ్లకు మాత్రం మంచినీళ్లు రాలేదు.

అలాగని నల్గొండ జిల్లాలో నది లేదా అంటే, ఉంది. నాగార్జునసాగర్ ఈ జిల్లా అంచునే ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి పండించింది. కానీ నీరు పల్లానికే పోతుంది. మునుగోడు, దేవరకొండ వైపు భూములు మెరక మీదున్నాయి. అక్కడికి కృష్ణ రావాలంటే ఎత్తిపోయాలి, లేదంటే కొండ తొలవాలి. శ్రీశైలం ఎడమగట్టు కాలువ పేరుతో ఆ మాట దశాబ్దాలపాటు ఎన్నికల సభల్లో మోగింది. ఎన్నికల తర్వాత మరుగున పడింది.

అందరిదీ ఒకే హామీ... మరి ఓటెవరికి?

ఇక్కడే నల్గొండ జనానికి ఓ చిక్కు ప్రశ్న ఎదురైంది. నీళ్లు వద్దన్న పార్టీ ఒక్కటీ లేదు! కాంగ్రెస్ ఇస్తామంది. తెలుగుదేశం ఇస్తామంది. కమ్యూనిస్టులు, భాజపా... అందరిదీ అదే మాట. పార్టీల మధ్య తేడా ఉంటే ఓటరు ఒకదాన్ని ఎంచుకోవచ్చు. అందరూ ఔనంటూ, ఎవరూ చేయని పనికి ఓటెలా వేయాలి? బ్యాలెట్ మీద దానికి గడి ఎక్కడుంది?

ఆ గడిని తామే తయారుచేసుకోవాలనుకున్నారు. బ్యాంకు ఉద్యోగం వదిలేసి వచ్చిన దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి 1996 లోక్‌సభ ఎన్నికల్లో మూకుమ్మడిగా నామినేషన్లు వేయించింది. రైతులు, ఫ్లోరోసిస్ బాధితులు స్వతంత్రులుగా బరిలోకి దిగారు. ఉపసంహరణల గడువు ముగిశాక లెక్కతేలిన అభ్యర్థులు 480 మంది!

అప్పటికింకా కాగితపు బ్యాలెట్ల కాలం. 480 పేర్లు, 480 గుర్తులు మామూలు కాగితం మీద ఇమడవు. గుర్తులు వెతకడం దగ్గర్నుంచి పెట్టెలు సమకూర్చడం దాకా ఎన్నికల అధికారులకు ముచ్చెమటలు పట్టాయి. ఏ ప్రశ్ననైతే ఇన్నేళ్లూ దాటవేశారో అది ఓటు పత్రం రూపంలో వచ్చి బల్లమీద కూర్చుంది.

ఆ ఏడాది ఈ దారి పట్టింది నల్గొండ ఒక్కటే కాదు. కర్ణాటకలోని బెల్గాం లోక్‌సభ స్థానంలో 456 మంది పోటీచేశారు. తమిళనాడులోని మొడకురిచి అసెంబ్లీ స్థానంలో రైతుల పుణ్యమా అని ఆ సంఖ్య 1,033కి చేరింది.

నల్గొండలో గెలిచింది మాత్రం సీపీఐ అభ్యర్థి, సాయుధ పోరాట యోధుడు బొమ్మగాని ధర్మభిక్షం. స్వతంత్రుల్లో అత్యధికుల డిపాజిట్లు గల్లంతయ్యాయి. ఎన్నికల లెక్కల పుస్తకంలో వాళ్లందరి పేర్ల పక్కనా ఉన్నది ఒకటే మాట... ‘స్వతంత్ర’. పార్టీ టికెట్ దక్కక అలిగి నిలబడ్డవాడి పక్కనా అదే మాట. ప్రత్యర్థి ఓట్లు చీల్చడానికి ఎవరో నిలబెట్టినవాడి పక్కనా అదే మాట. నీళ్ల కోసం నిలబడిన వికలాంగుడి పక్కనా అదే!

గుర్తు ఒకటి, మనసు ఒకటి

నిజానికి పార్టీ పేరు పూర్తి కథ చెప్పదన్న సంగతి నల్గొండకు మొదటి ఎన్నికల్లోనే తెలుసు. 1952లో హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది. అందుకని ఆ నాయకులు ‘పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్’ పేరుతో పోటీచేశారు. నల్గొండ నుంచి నిలబడిన రావి నారాయణరెడ్డికి ప్రధాని నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయి. కాగితం మీద పేరు ఏదైనా, ఓటు ఎవరికి వేస్తున్నదీ జనానికి తెలుసు.

తర్వాతి కాలంలో ఇదే తిరగబడింది. 1999లో తెలుగుదేశం తరఫున నల్గొండ ఎంపీగా గెలిచిన నాయకుడే 2009లో కాంగ్రెస్ తరఫున గెలిచారు. అలా మారడం ఈ ఒక్క జిల్లాలోనే జరిగిందీ కాదు. జెండా మారినా మనిషి అతడే, మనిషి మారినా ఊరి బోరులో నీళ్లు అవే.

అలాగని పార్టీలు అక్కర్లేదా? ఆ మాటా అనలేం. స్వతంత్రుడిగా గెలిచిన సభ్యుడు సభలో ఒంటరి. కాలువ తవ్వాలంటే బడ్జెట్ కావాలి, బడ్జెట్ కావాలంటే ప్రభుత్వం కావాలి. దాన్ని నిలబెట్టేది పార్టీలే. 1952 ఎన్నికల్లో 37 మంది స్వతంత్రులు లోక్‌సభకు వెళితే, 2024లో వెళ్లింది ఏడుగురే. పోనీ గెలిచాక ఏదో ఒక పార్టీలో చేరదామన్నా, ఫిరాయింపుల చట్టం ప్రకారం స్వతంత్రుడి సభ్యత్వం రద్దవుతుంది. పార్టీ లేకపోవడమూ చట్టం దృష్టిలో ఒక ముద్రే!

తలుపు బరువు పెరిగింది

480 మంది అడిగిన ప్రశ్నకు ఢిల్లీ నుంచి జవాబు తొందరగానే వచ్చింది. అయితే అది నీళ్ల రూపంలో కాదు, చట్టం రూపంలో! 1996లోనే ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి పదివేలకు పెంచారు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు. స్వతంత్రుడికి పదిమంది కావాలన్నారు. బ్యాలెట్‌లోనూ ముందు గుర్తింపు పొందిన పార్టీలవాళ్లు, తర్వాత నమోదైన పార్టీలవాళ్లు, చివర్లో స్వతంత్రులు. ఫలితం వెంటనే కనిపించింది. 1996లో దేశవ్యాప్తంగా 13,952 మంది లోక్‌సభకు పోటీచేస్తే 1998లో 4,750 మందే మిగిలారు. 2009 నాటి సవరణతో డిపాజిట్ పాతికవేలయింది.

అధికారుల వైపు నుంచి చూస్తే అందులో న్యాయం లేకపోలేదు. వందల పేర్లలోంచి తనకు కావాల్సిన గుర్తును వెతుక్కోవడం చదువురాని ఓటరుకు నరకమే. కానీ తలుపు బరువు పెంచితే గుంపు తగ్గుతుందేమోగానీ తలుపు తట్టే అవసరం తీరదు కదా!

తీరలేదని 23 ఏళ్ల తర్వాత మరో జిల్లా చెప్పింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 185 మంది పోటీచేశారు. అందులో 178 మంది రైతులు. పసుపు బోర్డు కావాలి, పసుపుకీ ఎర్రజొన్నకీ గిట్టుబాటు ధర కావాలి... ఇదే వాళ్ల ప్రణాళిక. తలా పాతికవేలు కట్టి మరీ నిలబడ్డారు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండేసి ఓటింగ్ యూనిట్లను వరుసగా పేర్చాల్సి వచ్చింది. అక్కడా రైతులెవరూ గెలవలేదు. అప్పటి సిటింగ్ ఎంపీ ఓడి, భాజపా అభ్యర్థి గెలిచారు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లోనే మొదలైంది. అది రైతుల నామినేషన్ల ఫలితమా, గెలిచిన పార్టీ ఇచ్చిన మాటా అని అడిగితే ఎవరి లెక్క వాళ్లు చెబుతారు. రెండూ లేకపోతే వచ్చేది కాదేమో.

నీళ్లొచ్చాయి... ఆలస్యంగా

మరి నల్గొండ? సాగర్ వెనక జలాలను పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి అక్కంపల్లికి, అక్కడి నుంచి కాలువల్లోకి మళ్లించే పథకం వచ్చింది. దానికి ఎలిమినేటి మాధవరెడ్డి పేరు పెట్టారు. అదే అక్కంపల్లి నుంచి 2004లో హైదరాబాద్‌కూ కృష్ణా జలాలు వెళ్లాయి. తర్వాత తెలంగాణ ప్రభుత్వం ఇంటింటికీ నల్లా నీరిచ్చే మిషన్ భగీరథకు 2015లో చౌటుప్పల్ దగ్గరే పైలాన్ వేసింది. శుద్ధి చేసిన నదీజలం ఊళ్లకు చేరాక కొత్తతరం పిల్లల పళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. కానీ అప్పటికే వంగిపోయిన ఎముకలను ఏ పథకమూ నిటారు చేయలేదు.

మెరక పొలాలకు నీరందించే శ్రీశైలం సొరంగం పని మాత్రం ఇంకా కష్టాల్లోనే ఉంది. 2025 ఫిబ్రవరి 22న దాని పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. కొండ అవతలి నీటికోసం నల్గొండ చెల్లిస్తున్న మూల్యం ఇది.

పార్టీలేని ఎన్నిక చూడాలంటే ఇప్పటికీ ఈ పల్లెలకే రావచ్చు. సర్పంచి ఎన్నికలకు పార్టీ గుర్తులుండవు. అందరూ చట్టప్రకారం స్వతంత్రులే. కానీ ఏ అభ్యర్థి వెనక ఎవరున్నారో రచ్చబండ దగ్గర కూర్చున్న ఏ ముసలాయనైనా చెప్పేస్తాడు. అదే ముసలాయన ‘మన వాడకు నల్లా ఏయించినోడు’ అని పార్టీలకు అతీతంగా ఓటూ వేస్తాడు. గుర్తుంటే ఒక లెక్క, లేకుంటే ఒక లెక్క... ఓటరు మనసు మాత్రం రెండింట్లోనూ పూర్తిగా ఇమడదు.

నీడ ఎవరిది?

నల్గొండ వెళ్లినవాళ్లు పానగల్లు చూడకుండా రాకూడదు. పట్టణాన్ని ఆనుకునే ఉంటుంది. కుందూరు చోడుల కాలపు పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం అక్కడి ప్రత్యేకతలు. ఛాయా సోమేశ్వరుడి గర్భగుడిలో శివలింగం వెనక గోడమీద పగలంతా ఓ స్తంభం నీడ నిలిచి ఉంటుంది. బయట స్తంభాలు చాలానే ఉన్నాయి. నీడ ఏ స్తంభానిదని వేలుపెట్టి చూపబోతే మాత్రం తికమకే. వచ్చినవాళ్లంతా మండపంలో అటూ ఇటూ నడుస్తూ తేల్చుకోవాలని చూస్తారు.

గుడి నుంచి బయటికొస్తే ఉదయసముద్రం. చోడరాజులు తవ్వించిన ఆ చెరువు ఇప్పుడు కృష్ణా నీటితో నిండుతోంది. ఈ నీరు ఏ పార్టీ తెచ్చిందని గట్టుమీద నిలబడి అడిగితే నాలుగు రకాల జవాబులొస్తాయి. 1996లో ఐదువందలు కట్టి, ఓడిపోతామని తెలిసీ బ్యాలెట్ మీద పేరు రాయించుకున్న మనుషుల పేర్లు మాత్రం ఎవరికీ గుర్తులేవు. వాళ్లు అడిగినవి మాత్రం ఆ చెరువు నిండా ఉన్నాయి.

ఎలా వెళ్లాలి?

హైదరాబాద్ నుంచి నల్గొండకు ఆర్టీసీ బస్సులు ఎక్కువే. సికింద్రాబాద్-గుంటూరు మార్గంలో రైలు సదుపాయమూ ఉంది. పానగల్లుకు పట్టణం నుంచి ఆటోలో వెళ్లొచ్చు. ఎండాకాలం కన్నా వానలు పడ్డాక వెళ్తే చెరువు నిండుగా కనిపిస్తుంది. మరో రోజు కేటాయించుకుంటే నాగార్జునసాగర్‌నూ చూసి రావచ్చు.