తుంగభద్ర ఒడ్డున విజయనగరం

పడమటి కనుమల్లో వరాహ పర్వతం మీద పుట్టిన తుంగ, భద్ర నదులు వేర్వేరు దారుల్లో నడిచి శివమొగ్గ దగ్గర కూడ్లిలో ఒకటవుతాయి. హోస్పేట దగ్గర 1953లో పూర్తయిన ఆనకట్ట దాటాక నేల తీరే మారిపోతుంది. ఎటు చూసినా గ్రానైటు గుండ్లు, వాటి మీద మళ్లీ గుండ్లు. నది ఆ బండల సందుల్లో చీలుతూ, కలుస్తూ, ఒరుసుకుంటూ పారుతుంది. హరిహరరాయలు, బుక్కరాయలు 1336లో విజయనగరానికి పునాది వేశారని చెప్పేది ఇక్కడే. ఉత్తరాన నదే అగడ్త. మిగతా దిక్కుల్లో గుట్టకూ గుట్టకూ మధ్య గోడ కడితే కోట సగం సిద్ధమైనట్టే.

నదికి పాత పేరు పంప. కన్నడంలో పకారం హకారంగా మారి, ఆ పేరే హంపె అయింది. ఒడ్డున మొదట కనిపించేది విరూపాక్షాలయం. దాని తూర్పు గోపురం సుమారు 50 మీటర్ల ఎత్తు. గుడి వెనుక భాగంలో ఒక చీకటి గది ఉంది. గోడకున్న చిన్న సందులోంచి వెలుగు దూరి, ఎదుటి గోడ మీద ఆ గోపురం నీడ తలకిందులుగా పడుతుంది. రంగమంటపాన్ని కృష్ణదేవరాయలు పట్టాభిషేక సందర్భంలో కట్టించినట్టు 1510 నాటి శాసనం చెబుతోంది. హేమకూటం గుట్టకు దక్షిణంగా ఉన్న కృష్ణాలయం ఉదయగిరి విజయానికి గుర్తు. నెల్లూరు సీమలోని ఆ కోట నుంచి తెచ్చిన బాలకృష్ణుణ్ణి రాయలు అక్కడ ప్రతిష్ఠించాడు.

రాజప్రాసాదాలు నది ఒడ్డున లేవు. గుళ్లకు దక్షిణంగా, దూరంగా ఉన్నాయి. నీరు మాత్రం నది నుంచే వచ్చేది. ఎగువన అడ్డుకట్టలు వేసి మళ్లించిన కాలువల్లో తుర్తు కాలువ ఈనాటికీ పారుతూ అరటి తోటలనూ వరి మళ్లనూ తడుపుతోంది. రాజుల మేడల్లో రాతి పీఠాలు తప్ప పెద్దగా మిగల్లేదు. పైన కట్టిన చెక్కపని కాలిపోయింది. 1980లలో తవ్వకాల్లో బయటపడిన మెట్ల కోనేరు దగ్గర నిలబడి చూస్తే ఆ కాలపు పనివాళ్ల లెక్క తెలుస్తుంది. నల్లరాతి పలకల మీద ఏ రాయి ఏ దిక్కున, ఏ వరుసలో, ఎన్నోదిగా కూర్చాలో గుర్తులు చెక్కి ఉన్నాయి. ఎక్కడో చెక్కి తెచ్చి ఇక్కడ కూర్చారన్నమాట. కోనేటికి నీరు తెచ్చిన రాతి తొట్టి కాలువ ఇంకా పక్కనే ఉంది.

విరూపాక్షం నుంచి దిగువకు వస్తే చక్రతీర్థం. ఇక్కడ నది మలుపు తీసుకుని ఉత్తరవాహిని అవుతుంది కాబట్టి స్నానానికి పుణ్యమంటారు. ఒడ్డునే కోదండరామాలయం, పై గుట్ట మీద వ్యాసరాయలు ప్రతిష్ఠించాడని చెప్పే యంత్రోద్ధారక హనుమంతుడు. ఇంకాస్త ముందుకు వెళితే విఠలాలయం. 50 రూపాయల నోటు మీదికెక్కిన రాతిరథం ఇక్కడిదే. తడితే పలికే స్తంభాలను ఇప్పుడు తట్టనివ్వరు, అదీ మంచిదే. సమీపంలో నది నీళ్లలోనే పురందరదాసు పేరిట మంటపం ఉంది. ఆనకట్ట గేట్లు ఎత్తినప్పుడల్లా అది మునుగుతుంది. పక్కన వరుసగా నిలిచిన రాతి కంబాలు పాత వంతెనవి.

వంతెన లేని చోట పుట్టి. 1520 ప్రాంతంలో నగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, జనం బుట్టల్లాంటి గుండ్రని పడవల్లో ఏరు దాటుతున్నారని, లోపల బెత్తం అల్లిక, బయట తోలు అని రాశాడు. అవసరమైతే గుర్రాలనూ ఎద్దులనూ కూడా వాటిలోనే దాటించేవారట. ఆ పుట్టే తలారిఘట్టు రేవులో నిన్నమొన్నటి దాకా అవతలి ఒడ్డునున్న ఆనెగొందికి జనాన్ని చేరవేసింది. తోలుకు బదులు ప్లాస్టిక్ పట్టా వచ్చింది, అంతే.

1565 జనవరిలో తళ్లికోట యుద్ధం ఓడిపోయాక తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చాడు. నగరం దోపిడీకి గురై, మళ్లీ నిలబడలేదు. ఆనెగొంది దగ్గరి లంకలో తొమ్మిదిమంది మాధ్వ యతుల సమాధులున్న నవబృందావనం దాటాక గుండ్లు పలచబడతాయి. నది కంప్లి మీదుగా మైదానంలోకి దిగి, మంత్రాలయం, కర్నూలు, అలంపురం ఒరుసుకుంటూ వెళ్లి కృష్ణలో కలుస్తుంది.